తాతయ్య కట్టిన లంకెలు

మొన్న కార్తీక సోమవారం పొద్దున్నే ఇత్తడి కుందులు చింతపండుతో తోముకుంటున్నాను. పక్కనే మట్టి మూకుట్లో బొగ్గులు రాజేసి పెట్టాను, పూజయ్యాక సాంబ్రాణి వేద్దామని. తడిసిన చింతపండు పులుపు, రాజుకుంటున్న బొగ్గు సెగ, రుద్దిన ఇత్తడి వాసన మూడూ కలిసి ఒక్కసారి ముక్కుకి తగిలాయి. చేతిలో కుంది చేతిలోనే ఉండిపోయింది. అది మా తాతయ్య అరుగు వాసన. యాభై ఏళ్ళుగా మళ్ళీ ఎక్కడా తగల్లేదు. బెజవాడలో, నాలుగో అంతస్తు వంటింట్లో తగిలింది.

ఆ రోజంతా నా నోట్లో ఒకటే మాట నానింది. లంకె. తాతయ్య నోట రోజూ వినే మాట. ఇప్పుడు ఎవరూ అనరు. బ్యాంకులో లింక్, ఫోన్లో లింక్, నగల షాపులో కూడా లింకే. నాకు మాత్రం ఆ మాట వింటే చెవిలో సన్నటి గలగల వినిపిస్తుంది. ఆ చప్పుడు ఎక్కడిదో రాసుకోవాలనిపించింది.

* * *

మాది బందరుని ఆనుకుని ఉన్న పల్లె. తాతయ్య కంసాలి పని చేసేవారు. ఊళ్ళో అందరికీ ఆచారి గారు. వీధి అరుగు మీద ఒక మూల నేలలో పాతిన మొద్దు, దాని మీద దాగలి, పక్కన మట్టి కుంపటి, కొబ్బరి చిప్పలో చింతపండు పులుసు, ఇంకో చిప్పలో అతుకులకి వాడే వెలిగారం, గోడకి తగిలించిన త్రాసు. ఆయన కూర్చునే చోట గచ్చు నున్నగా అరిగిపోయి, ఆయన లేని వేళ కూడా అక్కడ ఎవరో కూర్చున్నట్టే గుంట పడి ఉండేది. ఆ గుంటలో మేమెవరం కూర్చునేవాళ్ళం కాదు. వద్దని ఎవరూ చెప్పలేదు. అయినా కూర్చునేవాళ్ళం కాదు.

పొద్దున్నే మాకు మెలకువ వచ్చేది సుత్తి చప్పుడుకే. బంగారం కడ్డీ మీద పడితే మెత్తగా, జారి దాగలి మీద పడితే కణంగుమని. నాయనమ్మ వంటింట్లోంచే ఆ చప్పుడు విని "ఇవాళ మీ తాతయ్యకి మనసు బాగాలేదే" అనేది. ఎలా తెలుస్తుందో నాకు అర్థమయ్యేది కాదు.

గొలుసు పని ఉన్న రోజు నాకు పండగ. కడ్డీని సాగగొట్టాక తీగ తీయాలి. దానికి కమ్మచ్చు అని ఒక ఉక్కు పలక ఉండేది. దానికి వరసగా బెజ్జాలు, పెద్దదాని పక్కన కాస్త చిన్నది, దాని పక్కన ఇంకాస్త చిన్నది. తీగ కొసని సన్నగా అరగదీసి, బెజ్జంలో దూర్చి, అవతలి వైపు నుంచి పట్టకారుతో పట్టి లాగేవారు. ఒక్కో బెజ్జం దాటేకొద్దీ తీగ సన్నబడేది, పొడుగయ్యేది. మధ్యమధ్యలో గట్టిపడితే కుంపటి మీద కాల్చి మెత్తబరిచి మళ్ళీ లాగేవారు. కమ్మచ్చులోంచి తీసినట్టు ఉంది అని మనవాళ్ళు ఎందుకంటారో నేను కళ్ళతో చూశాను. మా నాన్న ఒకవైపు, తాతయ్య ఒకవైపు ఉండి లాగుతుంటే ఆ తీగ సూర్యుడి వెలుగులో దారంలా మెరిసేది.

ఆ తీగని ఇనుప పుల్ల చుట్టూ దగ్గర దగ్గరగా చుట్టి, పుల్ల తీసేసి, చుట్ల పొడుగునా ఒక పక్క కోసేవారు. కోసేకొద్దీ చుట్లు విడిపోయి, ఒక్కో చుట్టూ మూతి తెరుచుకున్న చిన్న ఉంగరమై రాలేది. అవే లంకెలు. వాటిని లెక్కపెట్టడం నా పని. తెల్ల గుడ్డ మీద పదేసి చొప్పున కుప్పలు పెట్టేదాన్ని. ఒక్కటి తగ్గినా అరుగంతా వెతకాలి. అలా వెతకడంలో నా మోకాళ్ళు ఎన్నిసార్లు దోక్కుపోయాయో.

ఆ తర్వాతిదే అసలు పని. లంకెల్లో సగం వాటికి ముందే మూతి మూసి అతికేసేవారు. మిగతా సగం తెరిచి ఉంచేవారు. తెరిచి ఉన్న ఒక్కో లంకెలో మూసిన లంకెలు రెండు దూర్చి, దాని మూతి మూసి, అక్కడ అతుకు పెట్టేవారు. ఇప్పుడు మూడు ఒక వరస. అలాంటి వరసలు రెంటిని ఇంకో తెరిచిన లంకెతో కలిపితే ఏడు. ఏడూ ఏడూ కలిసి మధ్యలో ఒకటితో పదిహేను. నేను ఎక్కాల కంటే ముందు ఈ లెక్కే నేర్చుకున్నాను.

అతుకు పెట్టేది టంకంతో. బంగారంలోనే కాస్త వెండి, కాస్త రాగి కలిపి చేసిన పలచటి రేకు అది. అసలు బంగారం కంటే ముందు కరుగుతుంది. దాన్ని ఆవగింజలో సగం ముక్కలుగా కత్తిరించి, వెలిగారం నీళ్ళలో అద్ది, కుంచె కొసతో ఎత్తి లంకె మూతి మీద పెట్టేవారు. ఎదురుగా నూనె దీపం. నోట్లో ఊదుగొట్టం. బుగ్గలు రెండూ ఉబ్బి, ముక్కుతో గాలి పీలుస్తూనే నోటితో వదులుతూ ఉండేవారు. దీపం మంట పక్కకి వంగి, సూదిలా సాగి, ఆ ముక్కని తాకేది. మొదట వెలిగారం బుడగలా పొంగేది. తర్వాత అణిగేది. తర్వాత ఒక్క రెప్పపాటు, ఆ ముక్క కన్నీటిబొట్టులా మెరిసి, జారి, మూతి సందులోకి ఇంకిపోయేది. అప్పుడే మంట తీసెయ్యాలి. ఇంకో రెప్పపాటు ఆగితే టంకం పక్క లంకెకి కూడా పాకుతుంది. రెండూ ఒకదానికొకటి కరుచుకుపోతాయి.

ఒకరోజు అలా కరుచుకుపోయింది. నాన్న చేసిన లంకె అది. తాతయ్య గొలుసుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, ఏమీ మాట్లాడకుండా ఆ ఒక్కదాన్ని కత్తిరించి పక్కన పెట్టారు. నాకు అర్థం కాలేదు.

"తాతయ్యా, అతుక్కుంటే ఇంకా గట్టిగా ఉంటుందిగా? తెగదుగా?" అన్నాను.

"అతుక్కుంటే అది కడ్డీ అవుతుందే అమ్మడూ. గొలుసు ఎలా అవుతుంది?" అన్నారు.

నేను ఇంకా చూస్తూనే ఉంటే దగ్గరికి రమ్మన్నారు. పూర్తయిన ముక్కని పట్టకారుతో ఎత్తి నా చెవి పక్కన ఆడించారు. గలగలమంది. సన్నగా, వానచుక్కలు తాటాకు మీద పడ్డట్టు.

"అతుకు వేస్తే రెండూ ఒకటైపోతాయి. ముడి వేస్తే ఎవరో ఒకరు విప్పుతారు. లంకె అట్లా కాదు. దేని గుండ్రం దానిదే. దేని అతుకు దాని ఒంటి మీదే. అయినా ఒకదాన్ని వదిలి ఒకటి పోలేదు. ఈ చప్పుడు విన్నావుగా, లంకెకి అదే గుర్తు. కరుచుకుపోయినవి మోగవు."

నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. మాటలన్నీ అర్థమయ్యాయని చెప్పను. చప్పుడు మాత్రం గుర్తుండిపోయింది. ఆ సాయంత్రం వీధిలో ఒప్పులకుప్ప తిరుగుతుంటే, చేతులు జారి ఎప్పుడూ పడిపోయే మా పక్కింటి పిల్లకి నేనే చెప్పాను, అరచేతులు పట్టుకోవద్దు, వేళ్ళు మడిచి లంకె వెయ్యి అని. ఇద్దరం వేళ్ళు కొక్కేల్లా మడిచి ఒకరివి ఒకరం పట్టుకుని, కాళ్ళు దగ్గరికి చేర్చి, వెనక్కి వాలి తిరిగాం. వీధి, వేపచెట్టు, అరుగు మీద తాతయ్య, అన్నీ గిర్రున తిరిగాయి. చేతులు జారలేదు.

* * *

సాయంత్రం దీపం పెట్టే వేళకి తాతయ్య పని ఆపేసేవారు. అరుగు ఊడ్చిన మట్టి పారబోయకూడదు. దాన్నంతా ఒక కుండలోకి ఎత్తాలి. ఏడాదికోసారి ఆ మట్టిని కొనుక్కుని కడిగి, అందులోని బంగారం రజను తీసుకునేవాళ్ళు వచ్చేవారు. ఆయన కూర్చునే గోనెపట్టా కూడా చిరిగిపోయాక కాల్చి, ఆ బూడిద దాచేవారు. ఇంట్లో చీపురు పట్టిన ప్రతివాళ్ళకీ ఆ అలవాటు ఉండేది. పెళ్ళయి అత్తగారింటికి వెళ్ళిన కొత్తలో నేను గది ఊడ్చి ఆ మట్టి ఎక్కడ పెట్టాలో తెలియక చేటతో అలాగే నిలబడిపోయాను. మా అత్తగారు "పారబొయ్యమ్మా" అంటే నాకు చెయ్యి రాలేదు.

రాత్రి నాయనమ్మ పక్కన పడుకుంటే లంకె బిందెల కథలు చెప్పేది. తాతయ్య లంకెకీ ఈ లంకెకీ సంబంధం ఉందని నాకు తెలీదు. మావైపు కృష్ణ పాయల మధ్య ఎన్నో లంకలు. ఎడ్లలంక లాంటి పేర్లు వింటూ పెరిగాం. అందుకని లంకె బిందెలంటే ఏటి మధ్య లంకలో దొరికే బిందెలనే అనుకునేదాన్ని. రావణుడి లంకలోవేమో అని కూడా ఒకసారి అడిగాను. నాయనమ్మ నవ్వి, "కాదే పిచ్చితల్లీ. రెండు బిందెల నిండా బంగారం పోసి, వాటి మెడలకి గొలుసు వేసి కలిపి పాతిపెట్టేవారు. ఒకటి దొరికితే దానివెంట రెండోది వస్తుంది. అందుకని లంకె బిందెలు" అంది.

అవి భూమిలో నడుస్తాయని, అర్ధరాత్రి గలగలమని చప్పుడు చేస్తాయని, ఎవరికి రాసిపెట్టి ఉంటే వాళ్ళ కలలోకి వస్తాయని చెప్పేది. గలగల అనగానే నాకు తాతయ్య గొలుసు గుర్తొచ్చేది. భూమి లోపల ఎవరో పెద్ద కంసాలి కూర్చుని లంకెలు ఆడిస్తున్నట్టు ఊహించుకునేదాన్ని. భయం వేసేది కాదు.

తాతయ్యకి మాత్రం ఆ కథలంటే గిట్టేది కాదు. ఎవరైనా అరుగు దగ్గరకొచ్చి ఫలానా పాడుబడ్డ గుళ్ళో లంకె బిందెలు ఉన్నాయట అని గుసగుసలాడితే, "బంగారం భూమిలో ఉంటే ఎవరికి పనికొస్తుంది బాబూ, మనిషి మీద ఉండాలి గానీ" అనేవారు. ఆ గుసగుసల వల్ల మన ఊళ్ళలో ఎన్ని పాత గుళ్ళు పాడయ్యాయో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. నంది విగ్రహాల కింద, గర్భగుడి రాళ్ళ కింద తవ్విపోసిన వార్తలు నేటికీ పేపర్లో చూస్తున్నాం. 1878 నుంచే నిధుల చట్టం ఉంది. పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకి తెలియజేయాలి. చట్టం ఉన్నా తవ్వేవాళ్ళు తవ్వుతూనే ఉన్నారు. వాళ్ళు పగలగొట్టే రాయికున్న విలువ ఏ బిందెలోనూ దొరకదు.

* * *

తాతయ్య చేతికి పని లేని రోజులు కూడా ఉన్నాయట. అవి నేను పుట్టకముందువి. నాయనమ్మ చెప్పేది. 1963లో బంగారం కంట్రోలు వచ్చింది. 14 క్యారట్లకి మించిన బంగారంతో కొత్త నగ చెయ్యకూడదన్నారు. మేలిమి బంగారం అలవాటైన జనం ఆ నగలు చేయించుకోవడానికి రాలేదు. దేశమంతా కంసాలుల కుంపట్లు ఆరిపోయాయి. కొన్నేళ్ళకి ఆ 14 క్యారట్ల నియమం తీసేశారు గానీ, 1968లో చట్టమే వచ్చింది. లైసెన్సులు, లెక్కల పుస్తకాలు, తనిఖీలు 1990లో ఆ చట్టం రద్దయ్యేదాకా ఉన్నాయి. తాతయ్య దగ్గర గోధుమరంగు అట్టల పుస్తకం ఉండేది. వచ్చిన ప్రతి నగా, చేసిన ప్రతి నగా అందులో ఎక్కాలి. ఆయన అక్షరం గొలుసుకట్టు. కలం ఎత్తకుండా రాసేవారు. గొలుసుకట్టు రాత అన్న మాట మొదట ఎవరు పెట్టారో గానీ, వాళ్ళు ఏ కంసాలి పక్కనో కూర్చుని ఉంటారని నా నమ్మకం.

ఆ గడ్డురోజుల్లో తాతయ్య చిలకలపూడి వెళ్ళి గిల్టు పనిలో చేరారు. చిలకలపూడి అంటే పాండురంగడి గుడి, కార్తీకమాసంలో తిరనాళ్ళు. దాంతోపాటు గిల్టు నగలు. మావైపు చిలకలపూడి బంగారం అంటే చాలు, అది అసలుది కాదని చెప్పినట్టే. ఆ మాటలో చిన్నచూపు ఉంటుంది. ఆ చిన్నచూపు నాకు నచ్చదు. రాగి తీగతోనో ఇత్తడి తీగతోనో చేసే ఆ గొలుసులకి పట్టే పనితనం బంగారు గొలుసుకి పట్టేదే. మెరుగు పైన పెట్టిందే కావచ్చు, లోపలి లంకె మాత్రం అసలైన లంకె. తాతయ్య అక్కడ చేసిన రోజుల గురించి సిగ్గుపడగా నేను వినలేదు. "లంకెకి అది రాగో బంగారమో తెలీదే. మూతి సరిగ్గా మూశావా లేదా, అంతే" అనేవారు.

బందరు సందుల్లో గుమ్మాల ముందు ఆడవాళ్ళు పళ్ళెంలో లంకెలు పోసుకుని, రెండు చేతుల్లో రెండు పట్టకార్లతో గొలుసులు కలుపుతూ కూర్చునేవారు. కూర ఉడికేలోపు జానెడు, పిల్లాడు నిద్రపోతే మూరెడు. మాట్లాడుకుంటూనే కలిపేవారు, చూపు కిందికి దించకుండా. పళ్ళెంలో లంకెలు కదిలిన చప్పుడు, కబుర్లు, రేడియోలో పాట. ఆ సందుల్లో నడిస్తే చెవులకి అదొక హాయి.

* * *

ఇది రాయాలా వద్దా అని కాసేపు ఆగాను. రాస్తాను.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. మా ఊరికి గాలి, వాన, కూలిన చెట్లు, కప్పులు. దివిసీమలో వేలమంది పోయారు. దాని గురించి రాసే శక్తి నాకు లేదు. నెలో, నెలన్నరో గడిచాక ఒకాయన తాతయ్య దగ్గరికి వచ్చాడు. మనిషి కర్రలా ఎండిపోయి ఉన్నాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. తెగిపోయిన గొలుసు. లంకెల మధ్యలో నల్లటి బురద ఎండి గట్టిపడిపోయింది. బంగారానికి ఉప్పునీళ్ళు ఏమీ చెయ్యవు. సందుల్లో చేరిన మట్టి మాత్రం అలాగే ఉండిపోయింది.

తాతయ్య అలవాటుగా కుంకుడు నురగ, కుంచె దగ్గరికి లాక్కున్నారు. వచ్చినాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కడగమాకండి ఆచారి గారూ. అతుకు ఒక్కటి వేసి ఇయ్యండి చాలు. పిల్ల మెళ్ళో వేస్తాను."

కడగకుండా అతుకు వెయ్యడం కష్టం. మట్టి ఉన్నచోట టంకం పట్టదు. తాతయ్య ఆ తెగిన లంకె ఒక్కదాన్నీ, దాని అటూ ఇటూ ఉన్న వాటినీ మాత్రం సూది మొనతో గీకి శుభ్రం చేశారు. మిగతా గొలుసంతా తడి గుడ్డలో చుట్టి వేడి తగలకుండా పెట్టారు. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని చాలాసేపు ఊదలేకపోయారు. డబ్బులు తీసుకోలేదు. ఆయన వెళ్ళాక, గీకిన ఆ మట్టి రవ్వని కుండలో వెయ్యకుండా పెరట్లో తులసికోటలో వేశారు. ఎందుకని నేనడగలేదు.

* * *

తర్వాత నేను తెలుగు టీచరునయ్యాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో చెప్పాను. తాతయ్య అరుగు మీద విన్నది నాకు వ్యాకరణం పాఠంలో పనికొస్తుందని అనుకోలేదు.

సంధి చెప్పేటప్పుడు పిల్లలు తికమకపడేవారు. దేవ, ఆలయం కలిస్తే దేవాలయం. మొదటి మాట చివరి అకారం ఎక్కడుంది, రెండో మాట మొదటి ఆకారం ఎక్కడుంది, విడదీసి చూపించలేం. కరిగి ఒకటైపోయాయి. ఇది అతుకు అని చెప్పేదాన్ని. ముక్తపదగ్రస్తం చెప్పేటప్పుడు, ఇది లంకె అనేదాన్ని. ఒక పాదం చివర వదిలిన మాటనే పట్టుకుని తర్వాతి పాదం మొదలవుతుంది. అప్పటికప్పుడు అల్లి చెప్పేదాన్ని: ఊరి చివర ఏరు, ఏరు దాటితే తోట, తోట నిండా పూలు, పూల నిండా తేనె. ఏ ముక్కకి ఆ ముక్క పూర్తిగానే ఉంది. అయినా ఒకదాని చెయ్యి ఒకటి వదల్లేదు. పిల్లలు వెంటనే అందుకుని తేనె నుంచి తేనెటీగకి, అక్కడి నుంచి ఎక్కడెక్కడికో వెళ్ళిపోయేవారు. గంట కొట్టినా ఆగేవారు కాదు.

ఇంకా చిన్నవాళ్ళయితే ఏడు చేపల కథ. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావంటే ఆవు మెయ్యలేదు. ఆవూ ఎందుకు మెయ్యలేదంటే పాలేరు మేపలేదు. అలా అవ్వ, పిల్లాడు దాటుకుని చీమ దాకా. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది చీమ. ఒక కొస పట్టుకుని లాగితే రెండో కొస కదులుతుందని పిల్లలకి ఇంతకంటే బాగా చెప్పిన కథ నేనెరగను. ఒక ఆరో తరగతి పిల్లాడు మాత్రం లేచి, "మరి ఆ చేప చివరికి ఎండిందా టీచర్?" అని అడిగాడు. కథలో అది లేదు. వాడు చాలారోజులు అదే అడిగాడు.

మా స్కూల్లో నాతో పనిచేసిన ఆవిడ కూతురు కూచిపూడి నేర్చుకునేది. మా జిల్లాలోదే ఆ ఊరు. ఒకరోజు సాయంత్రం వాళ్ళింట్లో ఆ పిల్ల సంయుత హస్తాలు, అంటే రెండు చేతులూ కలిపి పట్టే ముద్రలు, చూపిస్తోంది. రెండు చూపుడు వేళ్ళు మడిచి ఒకదానిలో ఒకటి తగిలించింది. "ఇది పాశం ఆంటీ. తాడు, గొలుసు, ఇంకా ఇద్దరి మధ్య గొడవ." తర్వాత రెండు చిటికెన వేళ్ళు అలాగే తగిలించింది. "ఇది కీలకం. స్నేహం, సరసంగా మాట్లాడుకోవడం." రెండూ అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథంలో చెప్పినవే. నేను ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి రెండూ వేసి చూసుకున్నాను. చూపుడు వేళ్ళతో వేస్తే లాగుడు తెలుస్తుంది, కీళ్ళు నొక్కుకుంటాయి. చిటికెన వేళ్ళతో వేస్తే ఊగుతుంది. ఆ రెంటికీ రెండు అర్థాలు ఇచ్చిన పెద్దల మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

మా అమ్మాయిని వరంగల్ వైపు ఇచ్చాం. మొదటిసారి వెళ్ళినప్పుడు వియ్యంకుడు గారు రామప్ప చెరువు చూపించడానికి తీసుకెళ్ళారు. దారి పొడుగునా చెరువులే. ఇన్ని చెరువులేంటి అన్నయ్యగారూ అంటే, "కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు చెల్లెమ్మా. పై చెరువు నిండి మత్తడి దుంకిందంటే ఆ నీళ్ళు కింది చెరువుకు పోతయి. అది నిండితే ఇంకో దానికి" అన్నారు. మావైపు కాలవల నీళ్ళు చూసి పెరిగిన నాకు అది కొత్త. దేని కట్ట దానిది, దేని తూము దానిది, దేని ఆయకట్టు దానిది. నీళ్ళు మాత్రం ఒకదాన్నుంచి ఒకదానికి. కారు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. తాతయ్య ఉంటే ఆయనకి చూపించాల్సింది.

ఇంటర్నెట్ వచ్చాక తెలుగులో రాసే కుర్రాళ్ళు లింక్‌ని లంకె అని రాయడం చూశాను. తెలుగు వికీపీడియాలో వ్యాసం చివర "బయటి లంకెలు" అని కనపడిన రోజు ఆ పేజీ కింద ఏముందో చదవనే లేదు, ఆ రెండు మాటల్నే చూస్తూ ఉండిపోయాను. ఎవరో తెలియని పిల్లలు మా అరుగు మీది మాటని తీసుకెళ్ళి అక్కడ పెట్టారు. చాలా సంతోషమనిపించింది.

* * *

నాయనమ్మ గొలుసు నా దగ్గరే ఉంది. తాతయ్య చేసిందే. ఆవిడ పోయేదాకా మెళ్ళోంచి తీయలేదు. కార్తీక సోమవారం ఆ వాసన తగిలాక బీరువాలోంచి తీస్తే చేతిలోనే తెగింది. వెలుతురులో పెట్టి, చత్వారపు కళ్ళజోడుతో దగ్గరగా చూశాను. అతుకు దగ్గర తెగలేదు. తాతయ్య అతుకు చెక్కుచెదరలేదు. తెగింది రెండు లంకెలు ఒకదానినొకటి తాకే చోట. అక్కడ తీగ అరిగి అరిగి వెంట్రుకంత అయిపోయింది. మిగతావీ అంతే. ప్రతి లంకెకీ పక్కది ఆనిన చోట చిన్న గాడి పడి ఉంది, తాతయ్య అరుగు మీద గుంట పడినట్టే.

తాతయ్య పుస్తకం ఒకటి నాన్న దాచి ఉంచారు. అందులో గొలుసుకట్టు అక్షరాలతో నాయనమ్మ పేరు, పక్కన మూడు కాసుల గొలుసు అని ఉంది. మూడు కాసులంటే 24 గ్రాములు. షాపులో కరెంటు త్రాసు మీద పెడితే 22 గ్రాముల 900 మిల్లీలు చూపించింది. కౌంటర్లో అబ్బాయి "పాత గొలుసు కదా మేడమ్, అరిగిపోయింది. మార్చేసుకోండి, కొత్త డిజైన్లు వచ్చాయి" అన్నాడు. వద్దని, ఆ తెగిన ఒక్క లంకెనే మార్చమన్నాను. లోపలికి తీసుకెళ్ళి లేజర్‌తో పది నిమిషాల్లో చేసి ఇచ్చాడు. కుంపటి లేదు, పులుసు లేదు, వాసన లేదు. పని మాత్రం శుభ్రంగా చేశాడు. అక్కడే చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను. మోగింది.

తెగిన లంకెని అడిగి తీసుకున్నాను. ఇంటికొచ్చి, తాతయ్య బంగారం తూచే గురివింద గింజల డబ్బాలో వేశాను. కొత్త లంకె గొలుసులో ఎక్కడుందో వెతక్కుండానే తెలిసిపోతుంది. మిగతావన్నీ సన్నగా, నున్నగా ఉంటే అదొక్కటీ బొద్దుగా ఉంది. దానికి ఇంకా గాడి పడలేదు.